సర్కారు చూపుడువేలు

రాష్ట్ర సహజ శైశవ సంరక్షణ మండలి ఎందుకు పుట్టిందో అందులో పనిచేసేవాళ్ళకి కూడా సరిగ్గా తెలియదు. ఊరి చివర మూతపడిన ఎరువుల గిడ్డంగికి ఎవరో పొరపాటున సున్నం వేయించారనీ, వేయించాక ఊరికే ఉంచడం బాగుండదని అందులో ఒక ఆఫీసు పెట్టారనీ కొందరు చెప్పుకుంటారు. వానలు పడితే ఆ గోడలు ఇప్పటికీ యూరియా కంపు కొడతాయి. ఆ గోడల మధ్య కూర్చునే మండలివారు రాష్ట్రంలోని పసిపిల్లలకు రసాయనాల గాలి సోకకుండా కాపాడుతుంటారు.

ఇందుమతి అక్కడ జూనియర్ అసిస్టెంటు. ఉద్యోగంలో చేరి ఇంకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. అంటే పై అధికారి మిట్టమధ్యాహ్నం వెన్నెల బాగుందంటే కొంగు కప్పుకుని, అవునండీ చలిగా కూడా ఉంది అనాల్సిన దశ. ఆమెకు పాకే వయసులో ఒక కూతురుంది. పేరు నీహారిక. ఆ పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక అందరూ చిట్టి అంటారు. ఇందుమతి రోజూ చిట్టిని తెచ్చి, ఆఫీసు మేడమెట్ల కింద ఉన్న పిల్లల గదిలో ఆయాకి అప్పగించి పనిలో కూర్చునేది. అత్తగారు వరహాలమ్మ తాను చూసుకుంటాననే అంది. అయితే మండలిలో పనిచేసే తల్లులు పిల్లల్ని మండలి గదిలోనే ఉంచాలని ఒక ఉత్తర్వుంది. గది ఖాళీగా ఉంటే పైనుంచి వచ్చినవాళ్ళకి ఏం చూపిస్తారు మరి?

ఆ రోజుల్లో చిట్టికి పళ్ళు వస్తున్నాయి. కింది చిగురు వాచి ఎర్రబడింది. నోట్లోంచి చొంగ ధారగా కారుతుండేది. దొరికిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుని కొరకబోయేది, నొప్పెట్టగానే రాగం తీసేది. ఇందుమతి ఒక రబ్బరు రింగు కొనిచ్చింది. అది నములుతూ పిల్ల కాస్త నిమ్మళించింది.

సరిగ్గా అప్పుడే మండలి డైరెక్టరు గరుడాచలంగారు ఏదో కొండ మీద జరిగిన ప్రకృతి సదస్సుకు వెళ్ళి వచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు మెడలో తులసిపూసలు, చేతిలో మట్టి కప్పు, కళ్ళలో ఒకరకమైన వెలుగు ఉన్నాయి. తన గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీలు తీయించేశారు, ఫ్యాను విప్పించేశారు. ఏసీ మాత్రం ఉంచుకున్నారు, దానిలోంచి వచ్చేది గాలే కదా అన్నారు. తర్వాత సిబ్బందిని పిలిచి ఉపన్యాసం ఇచ్చారు.

"సదరు దంతోద్భవం అనేది ప్రకృతి కార్యక్రమం. ప్రకృతి కార్యక్రమంలో ఫ్యాక్టరీ వేలు పెట్టడానికి వీల్లేదు. ఇందుమూలముగా నేటినుంచి మన పరిధిలోని శిశువులకు పళ్ళ బాధ కలిగినచో సహజ ఉపశమనములు మాత్రమే ఇవ్వవలెను."

ఆ సాయంత్రంలోగా సూపరింటెండెంటు పేర్రాజుగారు పటకారుతో పిల్లల గదిలోకి వచ్చారు. ఆయనకి నిబంధనలన్నీ కంఠతా వచ్చు, మనుషుల పేర్లు మాత్రం గుర్తుండవు. చిట్టి నోట్లోంచి రింగును పటకారుతో లాగి కవరులో వేసుకున్నారు. పిల్ల ముందు ఆశ్చర్యపోయి, తర్వాత ఆరున్నొక్క రాగం అందుకుంది.

ఇందుమతి డైరెక్టరు గదికి పరిగెత్తింది. "సార్, రబ్బరు కూడా చెట్టు నుంచే వస్తుంది కదండీ."

"చెట్టు నుంచే బయల్దేరుతుందమ్మా," అన్నారు గరుడాచలంగారు ఎంతో జాలిగా. "దారిలో ఫ్యాక్టరీలో దిగుతుంది. మనం చూడాల్సింది ఎక్కడ పుట్టిందని కాదు, ఎవరెవరితో తిరిగిందని."

"అయితే పిల్లకి ఇప్పుడేమివ్వమంటారండీ?"

"అది సంఘం తేలుస్తుంది."

సంఘం అంటే సహజ దంతోద్భవ ఉపశమన పరిశీలక సంఘం. దానికి అధ్యక్షులు గరుడాచలంగారు, కార్యదర్శి పేర్రాజుగారు. మిగతా సభ్యులు వాళ్ళిద్దరూ ఏమంటే దానికి తలూపడానికి వచ్చిన పెద్దమనుషులు. చర్చలు రాసుకోవడానికి ఇందుమతిని కూర్చోబెట్టారు. కింద గదిలో చిట్టి ఏడుపు మేడ మీదికి స్పష్టంగా వినిపిస్తోంది. సంఘంవారు ఆ ఏడుపుకి కాస్త గొంతు పెంచి చర్చ మొదలుపెట్టారు.

మొదట క్యారెట్ వచ్చింది. నమిలేటప్పుడు ముక్క విరిగి గొంతుకు అడ్డం పడితే ఏ సెక్షను జవాబు చెప్పాలన్నది తేలక దాన్ని పక్కన పెట్టారు. తర్వాత ములక్కాడ. ఉడికిస్తే సహజం కాదు, ఉడికించకపోతే కట్టెపుల్ల. కాబట్టి అదీ పోయింది. తడిగుడ్డ చల్లగా చేసి ఇవ్వచ్చని ఒక సభ్యుడు ధైర్యం చేశాడు.

"చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నారు గరుడాచలంగారు.

"ఫ్రిజ్‌లోంచండీ."

"ఫ్రిజ్ అడవిలో కాస్తుందా?"

ఆ సభ్యుడు తన కాగితం మీద తడిగుడ్డని కొట్టేసుకున్నాడు. కుండలో నీళ్ళతో తడపచ్చని మరొకాయన అన్నా, గుడ్డ మిల్లుదా మగ్గానిదా, మగ్గానిదైతే నూలు ఎవరు వడికారు అన్న దగ్గర ఆ ప్రతిపాదన చిక్కుకుపోయింది. వసకొమ్ము అరగదీసి చిగుళ్ళకి రాయడానికి అందరూ ఒప్పుకున్నారు. అరగదీసే సాన మాత్రం రాయి కాబట్టి గనుల శాఖ అనుమతి కావాలని పేర్రాజుగారు గుర్తుచేశారు. వెండి మురుగు కొరకనివ్వచ్చా అంటే దానికీ గనుల శాఖే అడ్డం వచ్చింది. తేనె రాయకూడదన్నారు, ఏడాది నిండని పిల్లలకి అది ప్రమాదమని డాక్టర్లు చెబుతారట. ఆ ఒక్క నిర్ణయం మాత్రం సరైనదే. అది ఆ సంఘంలో ఎలా జరిగిపోయిందో ఎవరికీ అర్థం కాలేదు.

ఇంతలో ఆయా చిట్టిని చంకనేసుకుని మేడెక్కి వచ్చింది. "అమ్మా, ఇక నా వల్ల కాదు. గుక్క పట్టేస్తోంది," అని పిల్లని ఇందుమతి మీద పడేసి వెళ్ళిపోయింది.

పిల్ల మొహం కందిపోయి ఉంది. ఇంక సంఘమూ లేదు, సమావేశమూ లేదు. మూలనున్న కుండలో నీళ్ళు ముంచి చూపుడువేలు శుభ్రంగా కడుక్కుంది. ఆ వేలితో చిట్టి కింది చిగురు మీద మెల్లగా ఒత్తింది. పిల్ల ఎక్కిళ్ళు పెట్టి, వేలిని రెండు చేతులా పట్టుకుని, చిగుళ్ళతో కసకసా నమిలి, కళ్ళు అరమూసింది. గదిలో ఏడుపు ఆగిపోయింది. సంఘంవారికి తమ గొంతులు తమకే వినపడి ఇబ్బందిగా అనిపించింది.

గరుడాచలంగారు లేచి నిలబడ్డారు. "అదేమిటి?"

"వేలండీ," అంది ఇందుమతి భయంగా.

"ఎక్కడిది?"

"నాదేనండి. పుట్టినప్పట్నుంచీ ఉంది."

గరుడాచలంగారు బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆ వేలి వంక, పిల్ల వంక తదేకంగా చూశారు. "చూశారటయ్యా. ఫ్యాక్టరీ లేదు. ప్యాకింగు లేదు. రవాణా లేదు. గడువు తేదీ లేదు. అన్నిటికీ మించి టెండరు లేదు. మనం ఇన్నాళ్ళూ వెతుకుతున్నది మన మినిట్స్ రాస్తూ కూర్చుంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఇందుమతికి కూడా సంతోషంగానే అనిపించింది. ఇకమీదట పిల్ల ఏడ్చినప్పుడల్లా వెళ్ళి వేలందించి రావచ్చని ఆ పిచ్చితల్లి అనుకుంది.

ఒక వస్తువుకి ఆమోదం దొరికిందంటే దానికి ప్రమాణాలు రాయాలి. ప్రమాణాలు రాశాక పరీక్షలు పెట్టాలి. మర్నాడే మండలిలో పనిచేసే తల్లులందర్నీ వరండాలో వరసగా నిలబెట్టి చేతులు చాపమన్నారు. గోళ్ళరంగు ఉన్న వేళ్ళు మొదటే పోయాయి. ఉల్లిపాయ వాసన వచ్చినవీ, సబ్బుతో కడిగినవీ పోయాయి. సబ్బు రసాయనం కాబట్టి అందరూ కుంకుడుకాయతో కడుక్కోవాలన్నారు. ఆ తర్వాత పేర్రాజుగారు ఒక సూక్ష్మం పట్టారు. కంప్యూటరు మీట నొక్కిన వేలు యంత్రస్పర్శ పొందిన వేలు కాబట్టి అది సహజం కాదన్నారు. దాంతో అందరి వేళ్ళూ పోయాయి.

ఒక్క ఇందుమతిదే మిగిలింది. ఆమె సెక్షన్లో కంప్యూటరు చెడిపోయి చాలా కాలమైంది. బాగుచేయించమని రాసిన ఫైలు ఇంకా ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలియదు. ఆమె కాగితం మీద పెన్నుతో రాస్తోంది. పెన్ను కూడా ఆక్షేపణీయమే కానీ పట్టుకునేది మూడువేళ్ళతో కాబట్టి చూపుడువేలి బాధ్యత పాక్షికమని సర్దుకున్నారు.

"ఇందుమూలముగా," అని చదివారు పేర్రాజుగారు, "శ్రీమతి ఇందుమతి కుడిచేతి చూపుడువేలిని ఆదర్శ వేలుగా ప్రకటిస్తూ, తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు మండలి ఆస్తిగా పరిగణించడమైనది. మిగిలిన తొమ్మిదీ రిజర్వులో ఉండవలెను."

ఇందుమతి దండం పెట్టి, "సంతోషమండీ. ఒక్కసారి కిందికెళ్ళొస్తాను. చిట్టి ఏడుస్తోంది," అంది.

"ఎందుకు?"

"వేలివ్వడానికండీ."

పేర్రాజుగారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "ఏ వేలు?"

ఇందుమతికి అప్పుడు అర్థమైంది. అర్థమైనా నమ్మబుద్ధి కాలేదు. "సార్, నా వేలు కదండీ. నా పిల్ల కదండీ."

"అదేనమ్మా ఇబ్బంది. ప్రభుత్వ ఆస్తిని ఉద్యోగి సొంత కుటుంబ అవసరాలకి వాడటం దుర్వినియోగం కిందికొస్తుంది. ఆఫీసు జీపులో మీ అత్తగారిని పెళ్ళికి పంపుతారా? ఇదీ అంతే."

"జీపుకీ వేలికీ పోలికేమిటండీ?"

"రెండూ ఇప్పుడు ఒకే రిజిస్టర్లో ఉన్నాయి," అన్నారు పేర్రాజుగారు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఆయనకి ఎగతాళి చేయడం రాదు. నిజంగానే అలా నమ్ముతున్నారు కాబట్టి ఇందుమతికి ఏడుపొచ్చింది.

అయితే మీ పిల్లకి ఉపశమనం కోసం దరఖాస్తు పెట్టుకోండి అని సలహా ఇచ్చారు. పెట్టుకుంది. లబ్ధిదారు పేరు, వేలు పెట్టబోయే వ్యక్తి పేరు పక్కపక్కనే ఉండేసరికి సంఘంలో ఎవరూ సంతకం పెట్టే ధైర్యం చేయలేదు.

ఆదర్శ వేలు ఇంట్లో పాడైపోకుండా సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి దానికి ఖద్దరు తొడుగు వేసి, వేలి మొదలు దగ్గర దారం కట్టి లక్కముద్ర కొట్టి పంపేవారు. పొద్దున్నే వచ్చాక ముద్ర చెక్కుచెదరలేదని చూసి విప్పేవారు. ఇందుమతి ఆ వేలు పైకెత్తి పట్టుకుని అంట్లు తోమేది, అన్నం వార్చేది. ఎవరికో దారి చూపిస్తున్నట్టు ఉండేది ఆ చెయ్యి.

ఇంట్లో చిటికెన వేలు ఇచ్చి చూసింది. చిట్టి ఒకసారి కొరికి, మొహం అటు తిప్పేసి, ముద్ర వేసిన వేలికోసం చేతులు చాపింది. తొడుగు మీద చొంగ తగిలితే మర్నాడు సంజాయిషీ రాయాలి. ఇందుమతి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పిల్ల కళ్ళలోకి చూడలేక వంటింట్లోకి పోయింది.

వరహాలమ్మ ఊరుకునే మనిషి కాదు. "పీకి పారెయ్యవే ఆ గుడ్డని! నీ వేలు నీ పిల్ల నోట్లో పెట్టుకోడానికి వాడెవడే వద్దనడానికి? మీ ఆఫీసరుకి చిన్నప్పుడు వాళ్ళమ్మ వేలివ్వలేదా? ఇవ్వక ఇలా తయారయ్యాడేమో!"

"ప్రొబేషన్ అత్తయ్యా. రేపు ముద్ర చెదిరిందని రాస్తే ఉద్యోగం పోతుంది."

ముసలామె కొడుకు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఆ కాలేజీవాళ్ళు జీతాన్ని పండగ కానుకలాగా ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు ఇస్తారు. కోడలి ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోందని ఆవిడకీ తెలుసు. మనవరాల్ని భుజానేసుకుని వీధి గుమ్మంలో పచార్లు చేయడం మొదలుపెట్టింది.

వేలు పర్యటనలకి బయల్దేరింది. జీపు ముందు సీట్లో గరుడాచలంగారు, వెనక సీట్లో ఇందుమతి, ఆమె ఒళ్ళో పట్టుపరిచిన చెక్కపెట్టెలో ఆమె చెయ్యి. ఊరూరా పందిరి వేసేవారు. గరుడాచలంగారు పెట్టె మూత తీసేవారు. చెయ్యి పైకి లేచేది. చంటిపిల్లలతో తల్లులు వరసలో నిలబడేవారు.

ఒక ఊళ్ళో ఒక తల్లి తన వంతు వచ్చాక కూడా కదల్లేదు. పిల్లాడు ఆమె బొటనవేలు నోట్లో పెట్టుకుని హాయిగా నములుతున్నాడు. "ఏవండీ, ఇంతకీ ఆవిడ వేలికీ మా వేలికీ తేడా ఏంటండీ?" అంది.

"మీది సర్టిఫై కాలేదమ్మా," అన్నారు గరుడాచలంగారు.

"కాకపోయినా వీడు ఊరుకున్నాడు కదండీ."

"అది యాదృచ్ఛికం. శాస్త్రీయంగా ఊరుకోవడం వేరు."

వాడి నోట్లోంచి తల్లి బొటనవేలు తీయించి ఇందుమతి చూపుడువేలు పెట్టించారు. వాడు కెవ్వుమన్నాడు. స్పందన బాగుందని పేర్రాజుగారు రాసుకున్నారు. ఇందుమతి ఆ తల్లి వంక చూసింది. ఆ తల్లి ఇందుమతి వంక చూసింది. దారిపొడుగునా ఇందుమతి మనసులో చిట్టి ఏడుపే వినిపిస్తోంది. ఊరివాళ్ళ పిల్లలందరి చిగుళ్ళూ తడిమిన వేలికి సొంత పిల్ల చిగురు ఎలా ఉందో తెలియదు.

ఆషాఢమాసం వచ్చింది. వరహాలమ్మకి ఒక ఆలోచన కూడా వచ్చింది. రంగు పూసిన వేళ్ళు పరీక్షలో పోయాయని కోడలు చెప్పగా వింది కదా. మధ్యాహ్నం భోజనాల వేళకి గిన్నెనిండా గోరింటాకు రుబ్బుకుని నేరుగా ఆఫీసుకి వచ్చి కూర్చుంది.

పేర్రాజుగారు అడ్డొచ్చారు. "ఇక్కడ ఇలాంటివి కుదరవమ్మా. ఆ వేలు..."

"ఆషాఢంలో కోడలికి అత్త గోరింటాకు పెడుతుంటే అడ్డొస్తావా నాయనా? నీకు ఆడపిల్లలున్నారా?"

పేర్రాజుగారికి నిబంధనల పుస్తకంలో ఆషాఢం ఎక్కడుందో వెంటనే గుర్తురాలేదు. ఆ వెతుకులాటలో ఆయన ఉండగానే వరహాలమ్మ కోడలి చూపుడువేలికి గోరింటాకు టోపీలా తొడిగేసింది. సాయంత్రం దాని మీదే ఖద్దరు తొడుగు వేశారు. పొద్దున్నే తొడుగు విప్పితే వేలు మందారంలా పండి ఉంది. రంగు వేలని తీసేస్తారేమోనని ఇందుమతి ఆశపడింది.

గరుడాచలంగారు ఆ వేలిని పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు. "ఆకు! పచ్చి ఆకు! ప్రకృతి తానే వచ్చి వేలికి ముద్ర వేసుకుంది!" అని పరవశించిపోయారు. ఆ వారంలోనే ఎర్రవేలు మండలి చిహ్నమైంది. ఆఫీసు బోర్డు మీదా, జీపు తలుపు మీదా వేలి బొమ్మ వేయించారు. దూరం నుంచి చూస్తే మిరపకాయలా ఉండటంతో ఇద్దరు ముగ్గురు రైతులు దాన్ని మార్కెట్ కమిటీ ఆఫీసనుకుని లోపలికి వచ్చి ధర అడిగి వెళ్ళారు.

వరహాలమ్మ తల పట్టుకుంది. "ఆవకాయ పూసి పంపాల్సింది," అని నాలుక కరుచుకుని, "వద్దులే, ఏ తల్లి కన్న బిడ్డో నోట్లో పెట్టుకుంటాడు," అని తానే సర్ది చెప్పుకుంది.

మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. వేలిని రాష్ట్రానికంతటికీ అంకితం చేస్తారట. మొదటి లబ్ధిదారుగా మంత్రిగారి మనవడే ఉంటాడట. ఆఫీసు మేడ మీది హాలుకి మామిడాకులు కట్టారు. రసాయనం కాబట్టి ఆ రోజు ఫినాయిల్ కూడా వాడలేదు. వానలు మొదలై గోడలు వాటి పాత వాసన అవి కొడుతున్నాయి.

వేదిక మీద గరుడాచలంగారు మాట్లాడారు. "ఒకప్పుడు మన తల్లులు ఎవరికి తోచినట్టు వాళ్ళు, ఎవరి వేలు వాళ్ళు, ఎవరి పిల్లలకి వాళ్ళు, ఒక పద్ధతీ పాడూ లేకుండా పెట్టేసేవారు. ఆ అరాచకానికి నేటితో తెర పడింది."

మంత్రిగారు తలూపారు. ఒళ్ళో ఆయన మనవడు బొద్దుగా, ప్రశాంతంగా నిద్రపోతున్నాడు. వాడికి పళ్ళు రావడానికి ఇంకా చాలా టైముందని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అయినా కార్యక్రమం కార్యక్రమమే. పెట్టె మూత తీశారు. ఇందుమతి వేలు ఆ నిద్రపోతున్న పిల్లాడి పెదాల మధ్య పెట్టారు. కెమెరాలు మెరిశాయి. పిల్లాడు వేలిని నాలుకతో బయటికి తోసేసి మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ తోసేశాడు.

అప్పుడే కింద గదిలో చిట్టి ఏడుపు మొదలైంది.

ఆ ఏడుపు ఇందుమతికి తెలుసు. ఆకలేడుపు కాదు, నిద్రేడుపు కాదు. చిగురు పగిలే ముందు ఏడుపు అది. మధ్యలో ఒక్కోసారి ఆగి, అమ్మ వస్తుందేమోనని చూసి, రాలేదని తెలిసి మళ్ళీ మొదలుపెడుతోంది పిల్ల. మంత్రిగారు కూడా విని, "ఎవరో పాప ఏడుస్తోందే," అన్నారు.

"నేపథ్య శబ్దమండీ," అన్నారు పేర్రాజుగారు.

ఇందుమతి లోపల ఏదో పుటుక్కున తెగింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుందో, అసలు ఏమీ అనుకోలేదో ఆమెకి తర్వాత కూడా గుర్తులేదు. మంత్రిగారి మనవడి దగ్గర్నుంచి వేలు తీసేసుకుంది. ఖద్దరు తొడుగూ, చెక్కపెట్టే అన్నీ అక్కడే వదిలేసి చెంగు దోపుకుని మెట్లు దిగింది. దారిలో కుళాయి కింద, సబ్బుతో, పదిమంది చూస్తుండగా చెయ్యి తోముకుంది. పిల్లల గదిలోకి వెళ్ళి చిట్టిని ఎత్తుకుంది.

చిట్టి ఆ ఎర్రటి వేలిని చూసి ఏడుపు మింగింది. పట్టుకుంది. నోట్లో పెట్టుకుంది. పాపం ఎన్నాళ్ళ ఆకలో, గట్టిగా ఒక్క కొరుకు కొరికింది.

"అబ్బా!" అంది ఇందుమతి. తర్వాత నవ్వింది. తర్వాత వేలు మళ్ళీ మెల్లగా పోనిచ్చి చిగురు మీద తడిమింది. బియ్యపుగింజంత గట్టిగా, వాడిగా, అక్కడ ఒకటి తగిలింది. "వచ్చేసిందే చిట్టీ! నీకు పన్నొచ్చేసింది!" అని పిల్లని గుండెలకి హత్తుకుని, మెట్ల కింద ఆ ఇరుకుగదిలో గిరగిరా తిరిగేసింది. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయని కూడా ఆమెకి తెలియలేదు.

గుమ్మంలో మంత్రిగారు, గరుడాచలంగారు, పేర్రాజుగారు, వాళ్ళ వెనక కెమెరాలు. వేలి కొసన రక్తపు చుక్క అందరికీ కనబడింది.

"ప్రభుత్వ ఆస్తికి నష్టం!" అన్నారు పేర్రాజుగారు.

"ఎవరు చేశారు?" అన్నారు మంత్రిగారు.

చిట్టి ఆయన వంక చూసి, కొత్త పన్ను కనబడేలా నవ్వింది. మంత్రిగారు కూడా నవ్వబోయి, చుట్టూ చూసి, గంభీరంగా మొహం పెట్టుకుని జీపెక్కారు.

విచారణ జరిగింది. నిందితురాలికి మాటలు రానందువల్ల ఆమె వాంగ్మూలం నమోదు కాలేదు. పంటిగాటు పడిన వేలు, పైగా సబ్బు సోకిన వేలు ప్రమాణాలకి తగదని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. పాత కుర్చీలనీ విరిగిన బల్లలనీ పనికిరానివిగా రాసే నిబంధన కిందే దీన్నీ రాశారు. అలా రాసినదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చారో అక్కడికే చేర్చాలట. కాబట్టి వేలిని ఇందుమతికి అప్పగించి, ముట్టినట్టు ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. ఉద్యోగం మాత్రం పోలేదు, కంప్యూటరు లేకుండా పనిచేసేవాళ్ళు ఆ ఆఫీసులో ఇంకెవరూ లేరు.

ఇంటికొచ్చాక ఇందుమతి మొదట ఆవకాయన్నం కలుపుకుని ఆ వేలు నాకుతూ తింది. వరహాలమ్మ దిష్టి తీసింది.

మండలి అంతటితో ఊరుకుంటుందా? వేలు చేయిదాటిపోయిందని గరుడాచలంగారు కొన్నాళ్ళు దిగులుపడ్డారు. ఆ తర్వాత ఒక ఉదయం మళ్ళీ ఆయన కళ్ళలో వెలుగు కనబడింది. పసిపిల్లలకి ప్రకృతి ఇచ్చిన మరో మహత్తర సాధనాన్ని కనిపెట్టారు. అమ్మమ్మల, నానమ్మల ఒడి. దాని లోతు, వెడల్పు, మెత్తదనం కొలిచి ఆదర్శ ఒడిని ఎంపిక చేయాలని ఇంటింటికీ బృందాలని పంపారు. నలుగురికీ తెలిసిన ఇల్లు కాబట్టి ఒక బృందం ముందుగా ఇందుమతి ఇంటికే వచ్చింది.

ఆదివారం. వరహాలమ్మ అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో చిట్టి ఎగురుతోంది. వీధి మొదట్లో జీపు ఆగింది, తలుపు మీద ఎర్రవేలు. దాంట్లోంచి పేర్రాజుగారు చేతిలో టేపుతో దిగారు.

వరహాలమ్మ మాట్లాడకుండా చిట్టిని ఇందుమతి చేతికిచ్చింది. మోకాళ్ళ మీద చేతులాన్చి, "అమ్మో" అనుకుంటూ లేచి నిలబడింది.

"నమస్కారమమ్మా," అన్నారు పేర్రాజుగారు. "మీ ఒడి కొలవడానికి వచ్చాం."

"ఏ ఒడి బాబూ?"

పేర్రాజుగారు చూశారు. వరహాలమ్మ నిటారుగా నిలబడి ఉంది. ఆవిడ నిలబడితే ఒడి అన్నది ఎక్కడా లేదు.

"ఇప్పటిదాకా ఉందే," అన్నారాయన.

"నాకు తెలీదు నాయనా. వెతుక్కో."

కుర్చీ వేసి కూర్చోమన్నారు. మోకాళ్ళు పట్టేశాయి, కూర్చుంటే లేవలేనంది. మంచినీళ్ళు నిలబడే ఇచ్చింది. కాఫీ నిలబడే ఇచ్చింది. వాళ్ళ ఊళ్ళ సంగతులు, పిల్లల చదువులు, అన్నీ నిలబడే అడిగింది. ఎండ నెత్తికెక్కింది. బృందంలోవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి పేర్రాజుగారు టేపు చుట్టేసి, ఈ ఇంట్లో ఒడి లేదని రాసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

జీపు మలుపు తిరిగేదాకా వరహాలమ్మ కదల్లేదు. తర్వాత మెల్లగా కూలబడి, చీర సర్దుకుంది. చిట్టి తల్లి చంకలోంచి జారి, అరుగు మీద గబగబా పాక్కుంటూ వచ్చి, ఎక్కి కూర్చుంది.